ఐదో నంబరు చుక్క

చుక్కలక్క అనే పేరు ఆమెకు వ్యాను డ్రైవర్లు పెట్టింది. పొద్దస్తమానం కంప్యూటరు తెర ముందు కూర్చుని, బడి వ్యాన్లు చుక్కలై రోడ్ల మీద పాకుతుంటే చూడడమే ఆమె ఉద్యోగం. ఏ చుక్కైనా ఆగకూడని చోట ఆగితే డ్రైవరుకు ఫోన్ చెయ్యాలి. "ఏమన్నా, అక్కడేమైనా అత్తారిల్లుందా, దిగిపోయావు?" అని అడగాలి. అవతల నవ్వు వినబడుతుంది, చుక్క కదులుతుంది. పదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషికి ఇంతకన్నా నీడపట్టున దొరికే పనేముంటుందని ఇంట్లోవాళ్ళు సంబరపడ్డారు. ఆమె మాత్రం చేరిన రోజు నుంచీ భయపడుతూనే ఉంది. భయపడడం ఆమెకు ఊపిరి తీసుకోవడమంత అలవాటు. పాలు పొయ్యి మీద పెడితే పొంగిపోతాయని భయం, పొంగకపోతే విరిగాయేమోనని భయం.

ఆ సాయంత్రం భయపడడానికి నిజంగానే కారణం ఉంది. మధ్యాహ్నం పట్టుకున్న వాన వదల్లేదు. కుండపోత. బడులు వదిలే వేళకే గదిలో లైట్లు వేసుకోవలసి వచ్చింది. మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు లేదు. దాని చోట మట్టిరంగు నీళ్ళు, ఆ నీళ్ళ మీద ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ, టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్న మనిషిలా తాపీగా సాగిపోతోంది. వేరే రోజైతే పక్కగది వాళ్ళను కేకేసి చూపించి నవ్వేది. ఆ రోజు నవ్వు రాలేదు. కూతురు ఆ వానలోనే ఎక్కడో వ్యానులో ఉంది.

కూతురు ఎర్రగేటు బడిలో ఒకటో తరగతి. బడికి అసలు పేరు వేరే ఏదో ఉంది గానీ, అందరూ ఎర్రగేటు బడనే అంటారు. ఒకచోట కుదురుగా నిలవదని పిల్లను ఇంట్లో మిడత అని పిలుస్తారు. మిడత ఎక్కేది ఐదో నంబరు వ్యాను. తెర మీది చుక్కలన్నిటినీ సమానంగా చూడాలనేది ఉద్యోగ ధర్మమే. ఏ తల్లి చూస్తుంది? ఆమె కన్ను ఎటు తిరిగినా వెనక్కి వచ్చి ఐదు మీదే వాలుతుంది.

ఫోను మోగింది. ఆడపడుచు. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, సాయంత్రాలు సందు మొగలో నిలబడి మిడతను దింపుకుంటుంది. పిల్ల తండ్రి లారీ మీద పోయాడంటే సిగ్నలు లేని దారుల్లోనే ఎక్కువగా ఉంటాడు కాబట్టి, ఈ ఇద్దరు ఆడవాళ్ళే ఆ పిల్లకు కాపలా.

"వదినా, వ్యాను రాలేదే ఇంకా."

"వస్తోంది. కదులుతూనే ఉంది. పెద్దరోడ్డు మీదుంది."

"పెద్దరోడ్డా? అటెందుకు పోయాడు? మన దారి కాదుగా అది."

"నీళ్ళున్నాయని చుట్టు తిప్పుకొస్తున్నాడేమో."

"సరేలే. మందుల షాపు అరుగు మీద కొంగలా ఒంటికాలి మీద నిలబడున్నా. నీ కూతురొచ్చేసరికి నాకు ముక్కు కూడా మొలిచేట్టుంది."

ఫోను పెట్టేసి తెర వైపు తిరిగింది. ఐదో నంబరు చుక్క పెద్దరోడ్డు మీద నింపాదిగా సాగుతోంది. సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి మాయమైంది. రైలు వంతెన కింద తేలింది. ఆమె కళ్ళు ఆర్పేలోగా మళ్ళీ పెద్దరోడ్డు మీద ఉంది, ఏమీ ఎరగనట్టు.

కన్ను చెదిరిందనుకుంది. ఒక్కోసారి సిగ్నలు సరిగ్గా లేక చుక్క అటూ ఇటూ గెంతుతుంది, కొత్తేమీ కాదు. కానీ గెంతితే పక్క సందులోకి గెంతుతుంది, ఊరి ఆ చివరికి గెంతదు. అదీగాక అది రైలు వంతెన. పట్టాల కిందుగా పల్లంలోకి దిగి అవతలి వైపు మిట్టెక్కే ఇరుకు దారి. మామూలు వానకే అక్కడ మోకాటిలోతు నిలుస్తుంది. మిడత వ్యాను రోజూ వచ్చేది ఆ దారినే.

డ్రైవరుకు ఫోన్ చేసింది. ఈలల బాబాయి అంటారు పిల్లలు ఆయన్ని, మలుపు మలుపుకీ ఈల వేస్తాడని. ఫోను స్విచాఫ్. ఈలల బాబాయి ఫోను ఎప్పుడూ స్విచాఫ్ కాదు. భార్య ఊరుకోదు.

బడికి చేసింది. వాచ్‌మన్ ఎత్తాడు.

"ఐదో నంబరా? అది ఎప్పుడో పోయిందమ్మా. పెద్దరోడ్డు మీదుందని మా మేడమ్ ఫోన్లో చూసి తల్లులందరికీ చెప్తోంది. అయినా చూపించేది మీరేగా! వండినావిడే వచ్చి కూరెలా ఉందని నన్నడిగితే ఏం చెప్పను?"

అతను మాట్లాడుతుండగానే చుక్క మళ్ళీ గెంతింది. మళ్ళీ రైలు వంతెన కిందికే. సరిగ్గా అంతకుముందు కనబడిన చోటికే. రెప్పపాటు ఉండి మాయమైంది. సిగ్నలు తప్పు రెండుసార్లు ఒకే చోటికి రాదు.

ఫైర్ స్టేషన్లో ఫోనెత్తిన పెద్దాయన గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది.

"రైలు వంతెన కిందా? ఎవరు చూశారమ్మా?"

"చూసినవాళ్ళు లేరండి. తెర మీద చుక్క అక్కడ కనబడింది."

"ఇప్పుడక్కడే ఉందా?"

చెప్పక తప్పలేదు. "లేదండి. ఇప్పుడు పెద్దరోడ్డు మీద కనబడుతోంది. వంతెన కింద రెండుసార్లు అలా మెరిసి పోయింది."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "చూడు తల్లీ. నా దగ్గర మిగిలింది ఒకే ఒక్క బండి. ఇవతల ఆసుపత్రి కింది అంతస్తులోకి నీళ్ళొచ్చాయి, లేవలేనివాళ్ళు మంచాల మీదున్నారు. దాన్ని అక్కడికి పంపబోతున్నా. అక్కడా ఉంది, ఇక్కడా ఉంది అంటే నేనెటు తిప్పను? ఖాయంగా తెలుసుకుని చెప్పు. చెప్పిన మరుక్షణం తిప్పిస్తా."

ఖాయంగా. ఆ మాట ఆమె జీవితంలో దేనికీ వాడింది కాదు.

ఏం చెయ్యాలో తోచక, మిగతా వ్యాన్లయినా సరిగ్గా ఉన్నాయేమో చూద్దామని, తెర మీద మిగతా రెండు కిటికీలూ తెరిచింది. ఆ గదిలో ఉన్నది ఒకే మిషను. దాని మీద ఒకే సాఫ్ట్‌వేరు మూడుసార్లు నడుస్తుంది, మూడు బడులకు మూడుగా. ఎర్రగేటు బడిది ఒకటి, చిన్నబడిది ఒకటి, ఆ పొద్దునే కొత్తగా మొదలుపెట్టిన వాగవతలి బడిది ఒకటి. చిన్నబడి కిటికీలో చుక్కలు బుద్ధిగా ఉన్నాయి. వాగవతలి బడి కిటికీలో కూడా ఒక ఐదో నంబరు ఉంది. పెద్దరోడ్డు మీద సాగుతోంది. ఎర్రగేటు ఐదు ఎక్కడుందో వెంట్రుకవాసి తేడా లేకుండా అక్కడే ఉంది.

రెండు కిటికీలూ పక్కపక్కన పెట్టింది. ఇందులో చుక్క కదిలితే అందులోనూ కదిలింది. ఇక్కడ మలుపు తిరిగితే అక్కడా తిరిగింది. రెండు బడులు, రెండు వ్యాన్లు, ఒకే చుక్క.

ఆమెకు అలా ఎందుకో తెలిసిపోయింది.

పొద్దున సారు ఫోన్లో చెబుతుంటే ఆ మూడోదాన్ని పెట్టింది ఆమే. సారు అంటే ఈ వ్యాపారం యజమాని. మొదట్లోనే ఆయన ఆమెకు అర్థమయ్యేలా చెప్పాడు. "ఇది ఒకే ఇల్లనుకో అమ్మాయ్. మూడు వాటాలు, మూడు కాపురాలు. ఎవరి తలుపు వాళ్ళది, ఎవరి సామాన్ల గది వాళ్ళది. కొత్త కాపురం దిగాలంటే పాత ఫోల్డరు మొత్తం కాపీ కొట్టు. తర్వాత మూడు మార్చు. పేరు, తలుపు నంబరు, సామాన్ల గది దారి." తలుపు నంబరును వాళ్ళ భాషలో పోర్టు అంటారట. సామాన్ల గది అంటే వ్యాన్లు పంపే కబుర్లు రాసుకునే ఫోల్డరు. అద్దె ఇంటి వాటాల్లో పుట్టి పెరిగిన ఆమెకు ఈ పాఠం ఒక్కసారికే ఎక్కింది.

ఎక్కి ఏం లాభం? పొద్దున పేరు మార్చింది, తలుపు నంబరు మార్చింది, ఆ గడియలోనే ఆడపడుచు ఫోను. "నీ కూతురు గుమ్మం పట్టుకుని వేలాడుతోంది వదినా. వాన పడేట్టుంది, వ్యాను ఎక్కనంటోంది." చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని పిల్లను బుజ్జగించింది, బతిమాలింది, చివరికి కసిరింది. "ఎక్కుతావా, నన్నొచ్చి వీపు చీరెయ్యమంటావా?" పిల్ల ఎక్కింది. ఆమె పని అయిపోయిందనుకుని మిషను మొదలుపెట్టింది.

రెండు కాపురాలకు ఒకే తలుపు పెట్టి ఉంటే మిషను అక్కడికక్కడే గొడవ చేసేది, లేవనని మొండికేసేది. సామాన్ల గది సంగతి మాత్రం అది పట్టించుకోలేదు. వాగవతలి బడి కూడా ఎర్రగేటు బడి గదిలోనే తన సామాను పడేస్తూ వచ్చింది. వాళ్ళ ఐదో నంబరు కబురూ, వీళ్ళ ఐదో నంబరు కబురూ ఒకే ఫైల్లోకి. ఎవరిది చివర వస్తే చుక్క వాళ్ళ దగ్గర. పొద్దున కొత్త కిటికీ తెరవగానే చుక్కలు చకచకా కదులుతుంటే సారూ ఆమే తెగ మురిసిపోయారు. అవి వాగవతలి బడి చుక్కలే కావు. వాళ్ళ వ్యాన్లలో కబురు పంపే పరికరాలు బిగించింది మధ్యాహ్నం.

ఆ తర్వాతి సంగతి అప్పుడు తట్టింది. కదిలే బండిలో పరికరం క్షణక్షణానికీ కబురు పంపుతుంది. ఆగిపోయిన బండిలోది ఎప్పుడో ఒకసారి పంపి ఊరుకుంటుంది. అందుకే ఆగిన బండి ఒక్క రెప్పపాటు కనబడుతోంది, కదిలే బండి వచ్చి దాని మీద కూర్చుంటోంది. ఊళ్ళో తల్లులంతా ఫోన్లలో చూసుకుని గుండెల మీద చేతులు వేసుకుంటున్నది ఆ కదిలేదాన్ని చూసే. రెండిట్లో ఒకటి నీళ్ళలో ఉంది. ఏది?

సారుకు ఫోన్ చేసింది. ఆయన గుసగుసగా ఎత్తాడు.

"అమ్మాయ్, వాగవతలి బడి మేడమ్ గారి గదిలో ఉన్నా. గోడకి పెద్ద తెర పెట్టి చూపిస్తున్నా. తర్వాత చెయ్యి."

"తర్వాత కాదు సారూ. పొద్దున నేను సామాన్ల గది దారి మార్చలేదు. రెండు ఐదో నంబర్లూ కలిసిపోయాయి. ఒకటి రైలు వంతెన కింద ఇరుక్కుంది. ఆపి, మార్చి, మళ్ళీ మొదలుపెడతాను."

"ఆపుతావా!" గుసగుస కాస్తా కీచుమంది. "ఆపు నొక్కితే మూడూ పడిపోతాయి, తెలుసుగా? ఒక్కదాన్ని ఆపడం నేనింకా పెట్టలేదు. ఈ వానలో మూడు బడుల తల్లులకీ తెరలు నల్లబడితే నన్ను బతకనిస్తారా? పైగా మళ్ళీ లేవకపోతే? నువ్వు లేపగలవా?"

లేపగలదో లేదో ఆమెకు తెలియదు. ఆపడం ఇంతవరకూ ఎప్పుడూ చెయ్యలేదు.

"ఏదీ ముట్టుకోకు. నేనొచ్చి చూస్తా."

"వాగు దాటి ఎలా వస్తారు సారూ?"

"తగ్గాక వస్తాలే. బండి కదులుతోంది అమ్మాయ్, ఇక్కడ గోడ మీద ఏనుగంత కనబడుతోంది. నీకు ప్రతిదానికీ భయమే."

పెట్టేశాడు.

ఆ చివరి మాట నిజం. పెళ్ళిచూపుల్లో కూడా అదే అన్నారు, పిల్ల బెదురుగొడ్డులా ఉందని. ఇదీ అలాంటి భయమేనేమో. ఆపితే అన్నీ పాడయి, కదిలే వ్యాన్లు కూడా కనబడకుండా పోయి, అందరి పిల్లల ప్రాణాలకూ తనే ఎసరు పెట్టినట్టవుతుందేమో. చెయ్యి మౌసు మీద పెట్టి తీసింది. మళ్ళీ పెట్టింది.

ఆపే ముందు ఇంకో భయం అడ్డం పడింది, అన్నిటికన్నా పెద్దది. వంతెన కింది బండి ఎప్పుడో ఒకసారి గానీ కబురు పంపదు. మిషను పడుకుని ఉన్న ఆ కాసేపట్లోనే అది పంపితే? వినేవాళ్ళు లేక ఆ కబురు గాల్లో కలిసిపోతే? ఆ తర్వాత నీళ్ళు పరికరం దాకా వస్తే? పరికరం బిగించేటప్పుడు ఆమె చూసింది. డ్రైవరు కాళ్ళ దగ్గర, డ్యాష్‌బోర్డు కింద. పిల్లలు కూర్చునే సీట్లకన్నా ఎత్తేమీ కాదు.

కాబట్టి ఆగింది. ఆపడం కోసమే ఆగింది. వేలు మౌసు మీద, చూపు రైలు వంతెన మీద. చేతి ఫోను మోగుతోంది, బల్ల మీది ఫోను మోగుతోంది. ఇంకోసారి అది మెరవాలి. మెరిసిన వెంటనే ఆపితే, మళ్ళీ మెరిసేలోగా ఆమెకు కాస్త వ్యవధి దొరుకుతుంది. 'మెరువు తల్లీ, ఒక్కసారి మెరువు' అని పళ్ళ మధ్య గొణుక్కుంది. కూతురు మునిగిన చోటు కనబడాలని ఏ తల్లయినా మొక్కుకుంటుందా?

మెరిసింది.

నొక్కేసింది. మూడు కిటికీలూ ఒకేసారి తెల్లబోయాయి.

వాగవతలి బడి ఫోల్డరు తెరిచింది. అందులో అమరికల ఫైలు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, ఆమెకు పరిచయమే గానీ చుట్టరికం లేనివి. ఒక్కో వరుస కింద వేలు పెట్టి పెదాలు కదుపుతూ చదివింది. పేరు, బాగానే ఉంది. తలుపు నంబరు, బాగానే ఉంది. మూడోది, గది దారి. చివర ఎర్రగేటు బడి పేరు పళ్ళికిలించి చూస్తోంది. చెరిపేసింది. వేళ్ళు ఒకదానికి బదులు రెండు మీటలు నొక్కుతున్నాయి. చెరిపి, మళ్ళీ కొట్టి, సేవ్ చేసింది. మొదలుపెట్టింది. ఎర్రగేటు లేచింది. చిన్నబడి లేచింది. వాగవతలిది లేవలేదు. ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"చంపకే, చంపకే నన్ను," అంది పైకే.

ఎర్ర అక్షరాల్లో ఆమెకు అర్థమైంది ఒక్క ముక్క. అలాంటి చోటు లేదట. నిజమే. గది పేరు రాసింది గానీ గది కట్టలేదు. కొత్త ఫోల్డరు చేసి, అదే పేరు పెట్టి, మళ్ళీ నొక్కింది. లేచింది.

వాగవతలి బడి కిటికీ ఖాళీగా తెరుచుకుంది. బోసి పటం. రోడ్లున్నాయి, చుక్కల్లేవు. ఆమె ఊపిరి బిగబట్టింది. ముందు కబురు పంపేది కదిలే బండే. అది ఏ కిటికీలో పుడితే ఆ బడిది. 'ఎర్రగేట్లో పుట్టు, ఎర్రగేట్లో పుట్టు' అనుకుంది, అనుకుంటున్నదానికి అర్థం అవతలి పిల్లలు మునగాలని తెలిసీ.

వాగవతలి కిటికీలో పుట్టింది. ఐదో నంబరు. పెద్దరోడ్డు మీద, హాయిగా పోతోంది.

ఎర్రగేటు కిటికీలో ఐదు కదల్లేదు. అది ఆపేముందు రాసుకున్న, వంతెన కింది పాత చోటు, చచ్చిన చుక్క.

ఫైర్ స్టేషన్ ఫోను రెండో మోతకే ఎత్తారు. అదే బొంగురు గొంతు.

"ఖాయమండి," అంది. "ఎర్రగేటు బడి వ్యాను. రైలు వంతెన కింద."

"పెద్దరోడ్డు మీదుందని ఇప్పుడే ఆ బడి మేడమ్ కూడా చెప్పిందమ్మా."

"ఆ కదిలేది వేరే బడి వ్యాను. పొద్దున నేను చేసిన తప్పు వల్ల రెండూ కలిసిపోయి కనబడ్డాయి. అందరి ఫోన్లూ అబద్ధమే చూపించాయి. ఇప్పుడు విడదీశాను. మా పిల్ల అందులో ఉంది, అందుకే ఇలా అంటున్నాననుకోకండి, ఒట్టు..."

"వంతెనకి ఏ వైపు?"

"ఆఁ?"

"ఊరి వైపా, కలప అడితి వైపా తల్లీ? తాడు ఎటు నుంచి వెయ్యాలి?"

ఆమె అడ్డంగా తల ఊపింది, ఆయనకు కనబడుతున్నట్టు. "తెలీదండి. చుక్క నడిమధ్యలో ఉంది."

ఆయన ఫోను పక్కకు పెట్టి ఎవరి మీదో అరవడం వినబడింది. బండి ఆసుపత్రి దారిలో ఉందిట, వెనక్కి తిప్పమంటున్నాడు. ఆ మంచాల మీదివాళ్ళు ఏమవుతారన్న ఆలోచన ఆమెకు తట్టింది. తట్టి, నిలవలేదు.

మళ్ళీ ఆడపడుచు ఫోను. ఈసారి ఎత్తింది.

"వదినా, నా ఫోన్లో తెర పోయి మళ్ళీ వచ్చింది. బండి కదలడం లేదేంటి?"

"మనది పెద్దరోడ్డు మీద లేదు. రైలు వంతెన కింద ఉంది. ఇందాకటి నుంచీ అక్కడే ఉంది."

ఎప్పుడూ మాటకు ముందు వేళాకోళం పుట్టే మనిషి, ఈసారి ఒక్క మాటే అంది.

"నేను పోతున్నా."

"వద్దు. నీకు ఈతైనా రాదు. ఫైరు వాళ్ళొస్తున్నారు..."

"నువ్వు నీ చుక్కల్ని చూడు. పిల్లని నేను చూస్తా," అని కట్ చేసింది. ఆ మాటలో తిట్టు లేదు. ఉన్నా ఆమె పడేదే.

ఇక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. అదే ఘోరం. చేతులకు పని ఉన్నంతసేపూ గుండె కొట్టుకోవడం మరిచిపోయింది, ఇప్పుడు చెవుల్లో కొట్టుకుంటోంది. ఎర్రగేటు కిటికీలో ఐదు ఒక్కసారి మెరిసి మళ్ళీ రైలు వంతెన కిందే కూర్చుంది. అంటే పరికరం బతికే ఉంది. అంటే నీళ్ళు డ్యాష్‌బోర్డు దాకా రాలేదు. లేదా వచ్చి, ఇదే ఆఖరి కబురు. మళ్ళీ పంపాల్సిన వేళ వచ్చింది. రాలేదు. వేళ దాటింది. రాలేదు. ఆమె కుర్చీలోంచి లేచి గోడదాకా వెళ్ళి వచ్చింది. తెరను రెండు చేతులతో పట్టుకుంది, పిల్ల మొహం పట్టుకున్నట్టు. వ్యానులో మిడత ఎక్కడ కూర్చుంటుందో గుర్తు తెచ్చుకోబోయింది. కిటికీ పక్కన. ఎప్పుడూ కిటికీ కోసం కొట్లాడుతుంది. కిటికీ మంచిదా, చెడ్డదా? తలుపు ఏ వైపు? పొద్దున వీపు చీరేస్తానంది. ఆ వీపు ఎంతుంటుంది, తన అరచెయ్యంత ఉంటుంది.

చుక్క కదిలింది.

ఒక్కసారి కాదు. వెంటవెంటనే కబుర్లు, ఒకదాని మీద ఒకటి. ఆగిన బండి అలా పంపదు. బండి కదులుతోంది. వంతెన కింద, నీళ్ళలో, ఇంజను ఆగిపోయిన బండి కదులుతోందంటే... ఆమె నోట్లోంచి ఒక కూత వచ్చింది. పక్కగదిలోంచి ఎవరో "ఏమైందమ్మా" అన్నారు. కొట్టుకుపోతోంది. వంతెన పక్కనున్న కాలువలోకి. మౌసు తిప్పి తిప్పి పటాన్ని పెద్దది చేసింది, ఆ దారి ఒక్కటే తెరంతా నిండేదాకా. చుక్క ఎటు పోతోంది? కాలువ ఉన్నది ఎడమ పక్క. చుక్క ఎడమకు పోవడం లేదు. కొంచెం జరుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ కొంచెం. కలప అడితి వైపు. అడితి వైపు దారి మిట్ట. నీళ్ళు పల్లానికి తోస్తాయి గానీ మిట్టకు ఎక్కించవు.

ఎవరో లాగుతున్నారు.

ఆమె ఏడవలేదు. చుక్కతో పాటు తనూ ఒళ్ళు బిగబట్టి లాగింది, బల్ల అంచు పట్టుకుని, వేలిగోళ్ళు తెల్లబడేదాకా. చుక్క మిట్టెక్కి ఆగింది. ఆగి, ఊరుకుంది. ఫోను మోగడానికి ఒక యుగం పట్టింది.

"అమ్మా, ఫైర్ స్టేషన్. పిల్లలందరూ బయటికొచ్చారు. మీ డ్రైవరు అద్దం పగలగొట్టి ఒక్కొక్కర్నీ టాపు మీదికి ఎక్కించాడంట, చెయ్యంతా కోసుకుపోయింది. ఇంక కాసేపైతే టాపు కూడా ఉండేది కాదు. మావాళ్ళలో ఒకడిని ఎవరో పిల్ల కొరికిందంట తల్లీ! పుస్తకాల సంచీ వదిలెయ్యమంటే కండ ఊడొచ్చేలా కొరికింది."

"అది మాదేనండి."

"ఇంకొకావిడ నడుంలోతు నీళ్ళలో నిలబడి, తాడు అలా కాదు ఇలా కట్టమని మావాళ్ళని తిడుతోందంట."

"ఆవిడా మాదేనండి." ఆమె నవ్వేసింది. ఆయన కూడా నవ్వాడు. వెంటనే ఆపేశాడు.

"ఒక పిల్లాడు మాత్రం నీళ్ళు బాగా మింగాడు. తీసుకుపోతున్నారు. ఊపిరుంది. అంతకన్నా నేను చెప్పలేను."

"ఎవరి పిల్లాడండి?"

"తెలీదమ్మా. పచ్చ స్వెట్టరంట."

పచ్చ స్వెట్టరు పిల్లాడి తల్లి ఈపాటికి ఏ అరుగు మీద నిలబడి ఉందో. పెద్దరోడ్డు మీద నింపాదిగా వస్తున్న చుక్కను చూసుకుంటూ, వంటింట్లో ఏం పొయ్యి మీద పెట్టాలా అని ఆలోచించి ఉంటుంది. ఆమెకు ఆ చుక్కను చూపించింది ఎవరు?

బల్ల మీది ఫోను మోగుతూనే ఉంది. ఎత్తితే సారు. "ఎవర్నడిగి ఆపావు? మేడమ్ గారి ముందు నా పరువు..." అతను చెప్పుకుపోతున్నాడు. ఆమె అడ్డుపడింది. "నేనే ఆపాను సారూ. పొద్దున తప్పు చేసిందీ నేనే. ఒక పిల్లాడు ఆసుపత్రికి పోయాడు. మిగతాది మీరు కనుక్కోండి, నేను మా పిల్ల దగ్గరికి పోతున్నా." రిసీవరు పెట్టడం మరిచిపోయి బల్ల మీద వదిలేసింది. అది ఒక్కటే కాసేపు మాట్లాడుకుంది.

చెప్పుల కోసం చూసింది, కనబడలేదు, కాళ్ళకే ఉన్నాయి. మెట్ల దగ్గరికి వచ్చి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. గోడ పట్టుకుంది. నిలబడలేకపోయింది. కూర్చుంది. అలా కూర్చునే, ఏడాది పిల్లలు దిగినట్టు, రెండు చేతులూ పక్కన ఆనించి ఒక్కో మెట్టూ కిందికి జారడం మొదలుపెట్టింది, మూడో అంతస్తు నుంచి, కింద నీళ్ళు కనబడేదాకా.